పోగు లాగని ఇల్లు

తుల్లియో బార్దెల్లాకు తమ్ముడంటే ప్రాణం. ఈ మాట వెనిస్ పక్కనున్న మురానో దీవిలో ఎవరినడిగినా చెబుతారు. తుల్లియోనే అడిగితే అందరికంటే ముందు చెబుతాడు. నేవియోకు ఊపిరితిత్తులకు నెమ్ము చేసి ఆసుపత్రిలో పడితే పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నది ఆయనే. నేవియో కొలిమి రేకులు గాలివానకు లేచిపోతే తన పని ఆపుకుని మనుషుల్ని పంపింది ఆయనే. తమ్ముడు పడితే లేవదీయడానికి అందరికంటే ముందు పరుగెత్తే మనిషి. తమ్ముడు లేచి నిలబడితేనే చూడలేడు.

ఇద్దరివీ గాజు కొలుములే. కాలవకు ఈ ఒడ్డున అన్నది, ఆ ఒడ్డున తమ్ముడిది. తండ్రి పోతూ పోతూ కొలిమిని రెండు చేశాడు గాని పాళ్ళను రెండు చెయ్యలేదు. ఇసుక ఎంత, సోడా ఎంత, సున్నం ఎంత అన్నది ఇద్దరికీ ఒకటే లెక్క. రంగుల దగ్గర మాత్రం ఒక ఏర్పాటు ఉంది. ఆకుపచ్చ కాచేది అన్న కొలిమిలో, ఎరుపు కాచేది తమ్ముడి కొలిమిలో. ఎవరికి కావలసినప్పుడు వాళ్ళు వంతెన దాటి వెళ్ళి తెచ్చుకుంటారు.

గాజుకూ గాజుకూ పడటం మనం అనుకున్నంత తేలిక కాదు. వేడి మీద ఏ గాజైనా ఏ గాజుతోనైనా అతుక్కుపోతుంది, పెళ్ళిపందిట్లో చుట్టాల్లాగా. అసలు సంగతి చల్లారాక బయటపడుతుంది. ఒకటి ఎక్కువ ముడుచుకుంటుంది, ఇంకొకటి తక్కువ. లోపల్లోపల ఒకదాన్నొకటి గుంజుకుంటూ పైకి మాత్రం నిగనిగలాడుతూ కూర్చుని, ఒకనాడు టక్కున పగిలిపోతాయి. అందుకని పరాయి కొలిమి గాజు చేతికొస్తే మేస్త్రి ముందు పోగు లాగి చూస్తాడు. రెండు గాజుల్నీ పక్కపక్కన కరిగించి పట్టకారుతో సాగదీస్తే సన్నటి పోగు వస్తుంది. చల్లారాక అది తిన్నగా ఉంటే పొత్తు కుదిరినట్టు. వంకర తిరిగితే ఆ గాజుకో దణ్ణం పెట్టి వెనక్కి పంపాలి.

ఒకే ఇంటి పాళ్ళవాళ్ళు మాత్రం పోగు లాగరు. లాగారంటే నిన్ను నమ్మటం లేదని మొహం మీద చెప్పినట్టే. మురానోలో అన్నదమ్ములు కోర్టుకెక్కినా మళ్ళీ ఒక బల్ల దగ్గర కూర్చుని తాగుతారు గాని, పోగు లాగిన ఇళ్ళు మళ్ళీ కలిసిన దాఖలా లేదు. "మన ఇంట్లో పోగు లాగం" అనేవాడు బార్దెల్లా ముసలాయన. పిల్లలకు ప్రార్థన కంటే ముందు నేర్పింది ఆ మాటే.

ఆ చలికాలం మొదట్లో మిలాను నుంచి కోస్తాన్సా ఓర్సెనీగో అనే శిల్పి వచ్చింది. శిల్పి అనగానే ఉలీ సుత్తీ పట్టుకునే మనిషనుకునేరు. ఆవిడ కాగితం మీద గీస్తుంది. మంట ముందు మాడేది, పోసేది, వంచేది మురానో మేస్త్రి. అంతా అయ్యాక కింద పేరు ఆవిడది. ఇక్కడ ఇది తాతలనాటి పద్ధతి, ఎవరూ నోరెత్తరు. తుల్లియో కూడా ఎత్తలేదు. ఎత్తకుండా మింగిన ప్రతిసారీ అది కడుపులో ఎక్కడో ఒక మూల చేరుతూ వచ్చింది.

ఆవిడ మనుషుల దుర్గుణాలను ఒక్కొక్కటిగా గాజులో చేయిస్తోంది. లోభాన్నీ గర్వాన్నీ వేరే కొలుములకిచ్చింది. తుల్లియో ముందు పరిచిన కాగితం మీద ఉన్నది ఈర్ష్య. బల్ల ముందు కూర్చున్న మనిషి. ఎదురుగా నిండు కంచం. చూపు మాత్రం కంచంలో లేదు, మెడ సాగదీసి పక్కకు చూస్తున్నాడు. ఒళ్ళంతా తేట గాజు. కడుపులోంచి గొంతు మీదుగా కుడికంటి దాకా ఆకుపచ్చ పాకి ఉంది. పొరుగింటి పుల్లకూర రుచి అని మనం నాలుగు మాటల్లో తేల్చేసేదాన్ని ఆవిడ మనిషెత్తు గాజులో నిలబెట్టాలనుకుంది.

తుల్లియో ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. బాగుంది. చూపు తిప్పుకోలేనంత బాగుంది.

"చేస్తాను. కింద మీ పేరు పక్కన నా పేరు కూడా ఉండాలి" అన్నాడు.

కోస్తాన్సా నవ్వింది. "మేస్త్రీ గారూ, మీ చేతులంటే నాకు గౌరవం. కాని ఇల్లు కట్టిన తాపీవాళ్ళ పేర్లు గుమ్మం మీద రాస్తామా చెప్పండి?"

"అయితే తాపీవాణ్ణే పిలిచి చేయించుకోండి."

ఆవిడ కాగితం చుట్టచుట్టి చంకలో పెట్టుకుని వంతెన దాటింది. సాయంత్రానికల్లా కబురు ఇనెస్ సారాకొట్టుకు చేరింది: నేవియో ఒప్పుకున్నాడు, పేరు ఊసే ఎత్తలేదు, పైగా ఆవిడకు ఇంట్లో వండిన చేపల పులుసు పెట్టి మరీ పంపించాడు.

తుల్లియో ఇంటికొచ్చి పొలెంతా అనే మొక్కజొన్న సంకటి కంచాన్ని అవతలికి నెట్టాడు. ఆయన భార్య ఎలిదే ఆ కంచాన్ని మళ్ళీ ఇవతలికి నెట్టింది.

"నువ్వు కాదన్న పిల్లను నీ తమ్ముడు చేసుకున్నాడు. ఇప్పుడు కూడెందుకు మానేస్తావు?"

"నాకేం బాధ? చెయ్యనీ. వాడికి అలాంటి బొమ్మలు నప్పుతాయి."

"నప్పుతాయి. ఆ మాట అనేటప్పుడు మొహం కూడా కాస్త నప్పేట్టు పెట్టు" అంది ఎలిదే.

నిజానికి బాధ తమ్ముడు ఒప్పుకున్నందుకు కాదు. పేరు అడక్కుండా ఒప్పుకున్నందుకు. తనకు ఇన్నేళ్ళుగా గొంతులో ముల్లులా ఉన్నది వాడికి ముల్లే కాదు! వాడు రాత్రి హాయిగా నిద్రపోతాడు. తుల్లియో ఓర్చుకోలేకపోయింది ఆ నిద్రను.

కొద్దిరోజులకు నేవియో ఆకుపచ్చ కోసం వచ్చాడు. వెంట జోర్దానో ఉన్నాడు. జోర్దానో వీళ్ళ తండ్రి కాలంనుంచీ ఆ ఇంటి కొలిమిలో చెయ్యి కాల్చుకున్న మనిషి. పంపకాల్లో నేవియో వైపు వెళ్ళాడు గాని, ఇద్దరి చెవులూ చిన్నప్పుడు మెలిపెట్టిన చనువు ఇంకా వదులుకోలేదు.

"అన్నయ్యా, కంటి దాకా పచ్చ పాకాలి. ఏ పచ్చంటే ఆ పచ్చ పాకదు. నీదే కావాలి" అన్నాడు నేవియో, గుమ్మంలో బూట్ల మంచు దులుపుకుంటూ. "ఇంకో మాట. ప్రదర్శన మొదలయ్యేనాడు నువ్వు రావాలి. నీకొకటి చూపిస్తా. ఇప్పుడు చెప్పను."

"ఏం చూపిస్తావు, నీ గొప్పేగా?"

"వస్తే తెలుస్తుంది" అని నేవియో నవ్వాడు. ఆ నవ్వు తుల్లియోకు కారం రాసినట్టుంది.

ఆకుపచ్చ గాజు పెంకులు కొలిమి వెనక కొట్టంలో ఉంటాయి. రెండు కుప్పలు. ఒకటి తండ్రి పాళ్ళతో కాచింది. రెండోది దీవి అవతల ఒడ్డున దీపాల కార్ఖానా మూతపడినప్పుడు అక్కడి నుంచి తెచ్చుకున్నది. దాన్ని దానంతట దాన్నే కరిగించి దీపాల డొప్పలు చేస్తే బంగారంలా ఉంటుంది. మరో గాజుతో కలిపితే మాత్రం పాముకూ ముంగిసకూ పెళ్ళి చేసినట్టే. చూపుకు రెండూ ఒకటే పచ్చ. ఏది ఏదో తుల్లియోకు తప్ప ఎవరికీ తెలియదు.

పొరపాటున జరిగింది అనడానికి వీల్లేదు. కొట్టంలో వెలుతురు బాగానే ఉంది, మనిషి తాగి లేడు. తుల్లియో రెండు కుప్పల మధ్య నిలబడ్డాడు. తండ్రి కుప్పవైపు ఒకసారి వంగాడు కూడా. వంగి, లేచి, అటు తిరిగి, రెండో కుప్పలోంచి బుట్ట నింపాడు. అంత సుళువుగా అయిపోయినందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

బుట్ట తెచ్చి బల్ల మీద పెట్టగానే జోర్దానో ఒక పెంకు తీసి కిటికీ వైపు పట్టి చూశాడు.

"ఇంత లావు బొమ్మ ఇంతవరకు చెయ్యలేదు మనం. ఒక్కసారి పోగు లాగి చూద్దామా నేవియో?"

నేవియో మొహం జేవురించింది. "నోర్ముయ్, జోర్దానో! మా అన్న గాజుకి పోగా? నాన్న గాని విన్నాడంటే సమాధిలోంచి లేచొచ్చి నీ గూబ పగలగొడతాడు." అన్నవైపు తిరిగి, "ఏమనుకోకన్నయ్యా, ముసలాడికి చాదస్తం" అన్నాడు.

తుల్లియో అప్పుడైనా ఆగి ఉండవచ్చు. 'కుప్ప మారింది, ఉండండి' అంటే సరిపోయేది, ఎవరూ ఏమీ అనుకునేవారు కాదు. ఆయన మొహం చిన్నబుచ్చుకుని బుట్టను వాళ్ళవైపు తోశాడు.

"లాగి చూసుకోండి, మీ ఇష్టం. కాలం మారింది. నమ్మకం లేనప్పుడు లాగి చూసుకోవాల్సిందే."

ఆ మాటతో నేవియో బుట్టను రెండు చేతులా ఎత్తి గుండెకానించుకున్నాడు. "నేను నమ్మకపోతే ఇంకెవడు నమ్ముతాడు నిన్ను?" అన్నాడు. అని, మంచులో వంతెన మీదుగా వెళ్ళిపోయాడు.

బొమ్మ పోసేనాడు రమ్మని కబురంపితే తుల్లియో నడుం నొప్పి అన్నాడు. బొమ్మ చల్లార్చే పొయ్యిలోంచి నిక్షేపంలా బయటికి వచ్చిందని విన్నాడు. ఊరంతా చూసొచ్చి పొగిడింది. ఒక పూట అది పగలాలని కోరుకున్నాడు, ఒక పూట పగలకూడదని కొవ్వొత్తి వెలిగించాడు. దేవుడికి ఏ మాట వినాలో తోచి ఉండదు.

ప్రదర్శన వెనిస్‌లో, ప్రార్థనలు జరగని ఒక పాత చర్చిలో పెట్టారు. మురానో నుంచి గాజుపనివాళ్ళు మంచి కోట్లు తొడుక్కుని నీటిబస్సు నిండా వెళ్ళారు. లోపల దీపాల వేడి, తలుపు తీసినప్పుడల్లా కాలవ మీది చలి. బొమ్మ నడిమధ్యన ఉంది. తుల్లియో దాన్ని అప్పుడే మొదటిసారి చూడటం. మెడ నరాలు, కంచం అంచును పట్టించుకోకుండా పడి ఉన్న చెయ్యి, పక్కకు లాక్కుపోతున్న ఆ కన్ను! తమ్ముడు ఇంత పనివాడని తెలుసు. తెలుసు గనకే ఇదంతా.

నేవియో వచ్చి మోచెయ్యి పట్టుకుని బొమ్మ ముందున్న ఇత్తడి రేకు దగ్గరికి లాక్కెళ్ళాడు.

"చదువు."

తుల్లియో వంగి చదివాడు. పైన: ఈర్ష్య. దాని కింద: కోస్తాన్సా ఓర్సెనీగో. దాని కింద: ఆకుపచ్చ గాజు, తుల్లియో బార్దెల్లా, మురానో.

"నీ పేరేదిరా?"

"ఒక్క వరసకే చోటుందంది ఆవిడ. మొదట అదీ కుదరదంది. మా అన్న పేరు లేకపోతే బొమ్మ కొలిమి దాటదని మొండికేశా." నేవియో చిన్నపిల్లాడిలా నవ్వాడు. "నాకెందుకన్నయ్యా పేరు? నీకిష్టం. నాన్న చేసిన లోటాల అడుగున మేకుతో నీ పేరు గీకి తన్నులు తిన్నావు, గుర్తులేదూ? అయినా పచ్చ లేకపోతే అది ఈర్ష్యెలా అవుతుంది?"

తుల్లియో గబుక్కున తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. "నేవియో, ఆ బొమ్మని ఇక్కణ్ణుంచి..." అన్నాడు.

టక్.

పెద్ద చప్పుడేం కాదు. ఎండుపుల్ల విరిగినట్టు. మిలాను పెద్దమనుషులు కొందరికి వినపడలేదు కూడా. మురానోవాళ్ళు మాత్రం కూడబలుక్కున్నట్టుగా అందరూ ఒక్కసారే తలలు తిప్పారు. బొమ్మ కడుపు దగ్గర మొదలైన బీట పచ్చ అంచునే పట్టుకుని, గొంతు మీదుగా పాకి, కుడికంటి కింద ఆగింది.

కోస్తాన్సా మొహంలో నెత్తురుచుక్క లేదు. ఒక్క క్షణమే. మరుక్షణం చేతులు పైకెత్తింది. "చూశారా? ఈర్ష్య తనను తానే చీల్చుకుంది! మన కళ్ళముందే!" చప్పట్లు మొదలయ్యాయి. పెరిగాయి. ఫోటోలవాళ్ళు ఒకర్నొకరు తోసుకున్నారు. ద్రాక్షసారా బల్ల దగ్గర గుంపుగా ఉన్న మురానోవాళ్ళు మాత్రం చప్పట్లు కొట్టలేదు. వాళ్ళు ముందు బీటను చూశారు. తర్వాత రేకును చూశారు. తర్వాత తుల్లియోను చూశారు. గాజు పని తెలిసినవాడికి అక్కడ చదువుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

ఒక పత్రికావిడ తుల్లియోను రేకు పక్కన నిలబెట్టి ఫోటో తీసింది. "పచ్చగాజు మీదేనట కదండీ! అద్భుతం! ఇలా కావాలనే చేశారా?" అని అడిగింది. ఆవిడ మెచ్చుకోలుగానే అడిగింది.

పక్కనే ఉన్న నేవియో ఆ ప్రశ్న విన్నాడు, జవాబు కోసం ఆగాడు, రాకపోయేసరికి తనే అడిగాడు.

"ఏ కుప్పలోదన్నయ్యా?"

అంతే అడిగాడు. గొంతులో కోపం లేదు. పొరపాటైందిరా అన్నా వాడు నమ్మేవాడేమో. నమ్మడానికే అడిగాడేమో. తుల్లియో నాలుక మాత్రం తన దారి తను చూసుకుంది.

"చల్లార్చటంలో తొందరపడి ఉంటావు."

నేవియో తల ఊపాడు. "అయ్యుంటుంది" అని కోటు వెతుక్కోవడానికి వెళ్ళాడు. తిరుగు నీటిబస్సులో తమ్ముడు ముందు వరసలో కూర్చున్నాడు, అన్న వెనక రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడు. మధ్యలో ఊరంతా ఉంది.

మర్నాడు ఇనెస్ కొట్టులో తుల్లియో అడక్కముందే చెప్పడం మొదలుపెట్టాడు. "మా వాడికి ఓపిక తక్కువ. పొయ్యిలోంచి తొందరగా తీశాడు. నేను చెప్తూనే ఉన్నా..."

మూల బల్ల దగ్గర పేకాడుతున్న ముసలి మేస్త్రి తలెత్తకుండానే అన్నాడు. "తొందరపడితే వచ్చే బీట ఎటు బుద్ధిపుడితే అటు పోతుంది తుల్లియో. పచ్చ గట్టు పట్టుకుని నడవదు."

ఇనెస్ గ్లాసు తుడుస్తూ, "ఈర్ష్యగారికి ఏం పొయ్యమంటారు? తెల్లదా, ఎర్రదా? పచ్చది మా దగ్గర దొరకదు" అంది. కొట్టంతా నవ్వింది. ఆనాటి నుంచి మురానోలో ఆయనకు ఆ పేరే ఖాయమైంది. మేస్త్రీ అని పిలిచేవాళ్ళు పిలుస్తూనే ఉన్నారు. వెనక ఇంకో మాట ఉందని ఆయనకు తెలుసు.

బీటబారిన బొమ్మ మిలాను పత్రికల నిండా వచ్చింది. రేవు దగ్గర గోడల మీద పెద్ద పెద్ద కాగితాలంటించారు. పైన ఈర్ష్య, కింద ఆయన పేరు. జీవితమంతా అచ్చులో చూసుకోవాలనుకున్న పేరు. తుల్లియో రొట్టె కొనుక్కోవడానికి రేవుదారి మానేసి సందులగుండా చుట్టుతిరిగి వెళ్ళసాగాడు. ఆపైన కోస్తాన్సా స్వయంగా ఫోను చేసింది. "మేస్త్రీ గారూ, తర్వాతి బొమ్మకు అదే పచ్చ కావాలి. ఈసారి మీ పేరు నా పేరు పక్కనే, నా పేరంత పెద్దగా."

"అయిపోయింది" అన్నాడు తుల్లియో. ఫోను పెట్టేసి, రెండో కుప్పనంతా పడవకెత్తించి పారబోయించాడు. పడవ ఎక్కడికి పోతోందో, ఎందుకు పోతోందో కాలవ రెండొడ్లవాళ్ళూ కిటికీల్లోంచి చూశారు.

ఎలిదే ఒకనాడు వంకాయలు తరుగుతూ తరుగుతూ కత్తి ఆపింది. "వాడి పేరు పోవాలనుకున్నావు. వాడు అసలు పేరే పెట్టుకోలేదు, పోవడానికి. ఎంత పిచ్చిపని చేశావయ్యా! వెళ్ళి చెప్పు వాడికి. కాళ్ళు పట్టుకో. నీకంటే చిన్నవాడైతే ఏం?"

"చెప్పడానికేముంది? వాడికి తెలుసు."

"వాడికి తెలిసింది వేరు, నువ్వు చెప్పింది వేరు."

తుల్లియో వెళ్ళలేదు. వంతెన నడిమి దాకా ఒకటి రెండుసార్లు వెళ్ళాడు. అక్కడ నిలబడితే తమ్ముడి కొలిమి పొగగొట్టం కనపడుతుంది. చూసి తిరిగొచ్చాడు.

వసంతంలో ఎవరి పెళ్ళికో ఎర్ర అంచు గ్లాసులు కావాలని బేరం వచ్చింది. తండ్రి పాళ్ళ ఎరుపు నేవియో కొలిమిలో తప్ప దొరకదు. తుల్లియోకు లోపల చిన్న ఆశ పుట్టింది. గాజు అడగటమంటే పాత లెక్కలు మూసెయ్యమని అడగటమే కదా. వాడు పంపితే మనసు మెత్తబడ్డట్టు. పంపకపోతే కోపం ఉన్నట్టు. కోపమైనా ఫరవాలేదు, కోపం తమ్ముళ్ళకే వస్తుంది. ఆయన కబురు చేశాడు.

ఆ పూటే జోర్దానో వచ్చాడు. ఎర్ర గాజు కడ్డీలు, పాతపేపరులో శుభ్రంగా చుట్టి ఉన్నాయి. మంచివి ఏరి పంపారని చూడగానే తెలుస్తోంది. తుల్లియో మొహం విప్పారింది. కట్ట విప్పబోయి ఆగాడు. పైన దారంతో కట్టి ఒక గాజుపోగు ఉంది, సగం తేట, సగం ఎరుపు.

"ఏంటిది?"

"పోగు" అన్నాడు జోర్దానో, తనకు సంబంధం లేనట్టు గోడవైపు చూస్తూ. "నీ తేటగాజు ముక్క మా దగ్గర పాతదొకటుంటే దాంతో కలిపి లాగాడు. నేను లాగుతానన్నా వినలేదు, తనే కూర్చుని లాగాడు."

"నేనడిగానా పోగు లాగమని?"

"అడగలేదులే. పరాయి కొలిమికి పంపేటప్పుడు లాగి పంపటం మర్యాద కదా అన్నాడు." జోర్దానో టోపీ సర్దుకున్నాడు. "ఇకమీదట నీ దగ్గర్నుంచి వచ్చేదానికి కూడా లాగి చూసుకుంటామని చెప్పమన్నాడు. కోపంగా అనలేదు, తుల్లియో. మామూలుగానే అన్నాడు."

"మీ నాన్న ఉంటే..." అని ఇంకేదో అనబోయి జోర్దానో మానేశాడు. వెళ్ళిపోయాడు.

తుల్లియో పోగును విప్పి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఒక కన్ను మూసి వెలుగుకెదురుగా పట్టి చూశాడు. బల్ల మీద పెట్టి వేలితో దొర్లించాడు. వెంట్రుకవాసి వంకర కనపడినా చాలు, దాన్ని పట్టుకుని ఇప్పుడే వంతెన దాటి వెళ్ళి, ఇదేం గాజురా అని తమ్ముడి మీద అరవొచ్చు. వాడూ తిరిగి అరుస్తాడు. ఎలిదే అన్నానికి పిలిచినా కదలకుండా అలా దొర్లిస్తూనే ఉన్నాడు. పోగు ఎటు దొర్లించినా తిన్నగానే ఉంది.